మన అద్భుతకథలలో యువనాయకులు

తెలుగుదేశమున పదుమూడు పదునాలుగేండ్ల వయస్సుగల పిల్లలు ఏమి చదువుదురు అను ప్రశ్నకు మన సాహిత్యచరిత్రలు సమాధానము చెప్పవు. కావ్యమునకు చరిత్ర కలదు. నవలకు, నాటకమునకు, కథానికకు చరిత్రలు కలవు. బాలసాహిత్యమునకు సైతము కొంత చరిత్ర వ్రాయబడినది. కాని చిట్టిగేయములు చాలని వయస్సు వచ్చి, పెద్దల నవలలు ఇంకను అందని పిల్లలు, అన్నమునకు పిలిచినను వినిపించుకొనక చదివిన కథలెవ్వి, ఆ కథలలో వారిని పట్టి నిలిపినది ఏది అను విచారణ మనలో తక్కువగ జరిగినది. ఈ ప్రసంగమున ఆ విచారణను కొంత చేయదలచినాము.

ఆ వయస్సువారు చదివినవి అద్భుతకథలు. ఎందుకు చదివినారని అడిగినచో సామాన్యముగ ఒక సమాధానము వచ్చును. పిల్లలు వింతలను కోరుదురు. ఎగిరెడి గుఱ్ఱము, మాటలాడెడి పుఱ్ఱె, నీట మునిగిన నగరము ఉన్నచోట వారు చేరుదురు అని. ఈ సమాధానము సగము మాత్రమే నిజము. వింత పాఠకుని వాకిటివరకు పిలుచును; లోపల కూర్చుండబెట్టునది మనిషి. బాల్యమున ఇట్టి కథలు చదివిన పెద్దలను ఎవరినైనను అడిగి చూడుడు. ఏ మంత్రదండమునకు ఏ శక్తి కలదో, ఏ గుహకు ఎన్ని ద్వారములో వారికి జ్ఞాపకముండదు. ఆ గుహలోనికి ఎవరు ముందు నడచినారో, ఏ స్నేహితుడు చివరివరకు విడువలేదో మాత్రము తడుముకొనక చెప్పుదురు. అద్భుతకథకు ప్రాణము పాత్రలో ఉన్నదను సంగతిని మన కథల చరిత్రయే నిరూపించుచున్నది.

ఈ జాతి కథలు మనకు క్రొత్తవి కావు. గుణాఢ్యుని బృహత్కథ మూలరూపమున మనకు దక్కలేదు. దాని కథలను 11వ శతాబ్దిలో కాశ్మీరకవి సోమదేవుడు కథాసరిత్సాగరముగ సంస్కృతమున నిలిపినాడు. అంతకు చాల ముందే దండి మహాకవి దశకుమారచరితమును రచించినాడు. 13వ శతాబ్దిలో కేతన ఆ కథను తెలుగుచేసి, తిక్కన సోమయాజికి అంకితమిచ్చి, అభినవదండి యని పేరొందినాడు. తెలుగున అచ్చముగ కథకొరకే వెలసిన తొలి కావ్యములలో ఇది ఒకటి. ఇందలి నాయకులందరును యువకులే. రాజవాహనుడు ఒక రాత్రి మిత్రులకు చెప్పక బిలమార్గమున పాతాళమునకు పోవును. తెల్లవారి మిత్రులు అతనిని కానక, తలయొక దిక్కునకు వెదుక బయలుదేరుదురు. తిరిగి కలిసికొన్న తరువాత ఎవరి కథను వారే చెప్పుకొందురు. కవి వర్ణించుటకు మారుగ అనుభవించినవాడే నోరు విప్పుట ఇందలి విశేషము. ఒకడు జూదరియు దొంగయు అయి లోభుల సొమ్ము హరించును. మరియొకడు మాటనేర్పుతో గండము గడచును. పదిమందికి పది స్వభావములు, పది గొంతుకలు.

ఆ పదిమందిలో మంత్రగుప్తుని కథ మన తీరమునకు దగ్గరి కథ. కళింగమున శ్మశానవాటికలో ఒక సిద్ధుడు తన కింకరుని పంపి రాజకుమారి కనకలేఖను తెప్పించి, ఆమె తల నరకుటకు కత్తి యెత్తును. మంత్రగుప్తుడు ఆ కత్తిని లాగికొని సిద్ధుని తలనే త్రుంచును. తరువాత కళింగరాజు పరివారముతో సముద్రతీరమున విహరించుచుండగ ఆంధ్రరాజు ఓడలపై సేనను తెచ్చి అతనిని, అతని కూతురును పట్టికొనిపోవును. మంత్రగుప్తుడు సన్న్యాసి వేషమున ఆంధ్రనగరమునకు పోయి, ఒక చెఱువు గట్టున ఉపాయము పన్ని వారిని విడిపించును. కళింగమునకు ఆంధ్రమునకు నడుమ గల నేల నేటి మన విశాఖ తీరము. ఈ కథలో మహిమలన్నియు సిద్ధునివి. యువకునికి ఉన్నవి తెగువ, సమయస్ఫూర్తి మాత్రమే. మరియొక చిత్రమేమనగా, మంత్రగుప్తుని పెదవి గాయపడినది గనుక అతడు తన కథను పెదవులు కలియు అక్షరము ఒక్కటియు లేకుండ చెప్పినట్లు దండి సంస్కృతమున రచించినాడు. పాత్రయొక్క దేహస్థితియే కథ పలుకుబడిని నిర్ణయించుట ఇట్టిది మరియొకటి చూపుట కష్టము.

16వ శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయము వచ్చినది. ఇందు ఒకరి రూపమును మరియొకరు ధరించుటవలన కలిగెడి చిక్కులు అనేకములు. ఇద్దరు రంభలు ఎదురుపడుదురు. నిజమైన రంభ ఎవరో తెలియదు. ఈ చమత్కారమునకు అడుగున ఉన్నది కలభాషిణి యను యువతి కోరిక. ఆ కోరిక తీర్చుకొనుటకై ఆమె సాహసించుటచేతనే కథ నడచును. మహిమను తీసివేసినను కలభాషిణి మిగులును. కలభాషిణిని తీసివేసినచో కథ మిగులదు.

ఇవి చదువుకొన్నవారి కథలు. పల్లెలలో బుఱ్ఱకథగ, ఆటగ, పాటగ వ్యాపించినది బాలనాగమ్మ కథ. మాయలఫకీరు బాలనాగమ్మను మాయచేసి కొనిపోవును. ఆమె కుమారుడు బాలవర్ధిరాజు పెద్దవాడై, తల్లి సంగతి తెలిసికొని, సముద్రములు దాటి, ఫకీరు ప్రాణము దాగియున్న చిలుకను వెదకి పట్టుకొనును. 1942లో జెమినీవారు దీనిని చిత్రముగ తీసినారు; కాంచనమాల బాలనాగమ్మగను, గోవిందరాజుల సుబ్బారావు ఫకీరుగను నటించినారు. చిలుకలో ప్రాణము దాచుట లోకమున అనేక దేశముల కథలలో కలదు. ఆ చిలుకకొరకు పోవుచున్నవాడు తల్లిని ఎరుగని పిల్లవాడగుట మనస్సును కదిలించును. రాత్రి తెల్లవార్లు కూర్చుండి విన్న పల్లెల పిల్లలు చిలుకకొరకు కాదు, ఆ తల్లీబిడ్డలు కలిసికొనెడి ఘడియకొరకు మేలుకొన్నారు.

అచ్చుయంత్రము వచ్చిన తరువాత ఈ ధోరణిని ఇంటింటికి చేర్చినవారు మధిర సుబ్బన్న దీక్షితులుగారు. 1868లో పుట్టి 1928లో కీర్తిశేషులైన ఈ కవి కాశీమజిలీ కథలను పన్నెండు భాగములుగ రచించినారు. మణిసిద్ధుడను యతి కాశికి కాలినడకను పోవుచు, తోడుగ ఒక గొల్లపిల్లవానిని తీసికొనిపోవును. మజిలీ మజిలీకి ఆ పిల్లవాడు ఊరిలోనికి పోయి ఏదో ఒక వింతను చూచి వచ్చి, దాని కథ చెప్పనిదే కదలనని మారాముచేయును. చెప్పెడివాడు జ్ఞాని, అడిగెడివాడు పసివాడు. ఈ కట్టుబాటులో గొప్ప తెలివి ఉన్నది. చదువరి తన్ను తాను ఆ గొల్లపిల్లవానియందు చూచుకొనును. కాశికి నడచుచున్నది వారిద్దరే కాదు, మనమును అనిపించును.

ఆ మజిలీ కథలలోని ఒక కథయు, అరబ్బుల అల్లావుద్దీను కథయు కలిసి 1951లో పాతాళభైరవి చిత్రమైనది. విజయావారు నిర్మించిన ఈ చిత్రమునకు దర్శకులు కె. వి. రెడ్డిగారు, రచయిత పింగళి నాగేంద్రరావుగారు. నేపాళ మాంత్రికుడుగ ఎస్. వి. రంగారావుగారును, తోటరాముడుగ నందమూరి తారకరామారావుగారును నటించినారు. తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమించును. మాంత్రికునికి బలియిచ్చుటకు ఒక సాహసవంతుడు కావలెను. రాముడు కుట్రను పసికట్టి మాంత్రికునే బలియిచ్చి, కోరినదెల్ల ఇచ్చెడి బొమ్మను సంపాదించును. ఇంతటితో కథ ముగిసినచో అది అదృష్టవంతుని కథ మాత్రమే అగును. అట్లు కాలేదు. శిష్యుడు మాంత్రికుని మరల బ్రదికించును. బొమ్మ పోవును, భవనము పోవును, రాకుమారి పోవును. మిగిలినది రాముడును, అతని మిత్రుడు అంజియు. బొమ్మ చేతిలో ఉన్నప్పటి రాముని చూచి మనము ఆనందించితిమి. బొమ్మ లేనప్పటి రాముని చూచి మనము అతనివెంట నడచితిమి. మహిమ పోయిన తరువాత మిగిలినవాడే నాయకుడను సూత్రము ఇంత స్పష్టముగ మరియొక తెలుగు చిత్రమున కానరాదు.

ఆ చిత్రనిర్మాతలైన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1947 జూలైలో మదరాసున చందమామ మాసపత్రికను తెలుగు తమిళములలో ప్రారంభించినారు. అంతకు రెండేండ్ల ముందు, 1945లో, రేడియో అన్నయ్యగ మన ఇండ్లకు సుపరిచితులైన న్యాయపతి రాఘవరావుగారు బాల పత్రికను నెలకొల్పియుండిరి. ఆ విధముగ స్వాతంత్ర్యము వచ్చిన కాలమున తెలుగు పిల్లలకు వినుటకు రేడియోయు, చదువుటకు పత్రికలును ఒక్కమారే సమకూరినవి. 1952లో కొడవటిగంటి కుటుంబరావుగారు చందమామ సంపాదకబాధ్యత స్వీకరించి 1980లో మరణించువరకు నిర్వహించినారు. ఆ 1952లోనే దాసరి సుబ్రహ్మణ్యముగారు ఆ కార్యాలయమున చేరినారు. 1932లో పుట్టిన ఆయనకు అప్పటికి ఇరువదియేండ్లు. కథానాయకులకును కథకునికిని వయస్సు ఇంచుమించుగ ఒక్కటియే.

1954లో తోకచుక్క అను ధారావాహిక మొదలైనది. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూకమాంత్రికుడు, ఈ విధముగ 1978వరకు పన్నెండు ధారావాహికలు సుబ్రహ్మణ్యముగారి చేతినుండి వెలువడినవి. నడుమ, రాకాసిలోయ ముగిసిన తరువాత, ఆ స్థానమున బంకించంద్రుని దుర్గేశనందిని వంటి చారిత్రకకథలు కొంతకాలము నడచినవి. ఆ వెనుక పాతాళదుర్గముతో అద్భుతకథ తన చోటునకు తాను తిరిగివచ్చినది. వీనిలో చాలవానికి చిత్రాగారు బొమ్మలు వేసినారు. చిత్రాగారి మాంత్రికుల గడ్డములు, కొండదారులు, వికారపు మృగములు ఆనాటి పిల్లల కలలలోనికి వచ్చినవని చెప్పిన అతిశయోక్తి కాదు.

ఈ కథలలో నాయకుడు తరచుగ ఒంటరివాడు కాడు, ఇద్దరుందురు. శిథిలాలయమున అడవిజాతి యువకుడు శిఖిముఖియు, నగరమునుండి వచ్చిన విక్రమకేసరియు స్నేహితులగుదురు. యక్షపర్వతమున ఖడ్గవర్మయు జీవదత్తుడును జంట; ఒకనిది కత్తి, మరియొకనిది ఉపాయము. మాయాసరోవరమున నిదానముగల జయశీలుని ప్రక్కన, ఆవేశమునకును ఆర్భాటమునకును మారుపేరైన సిద్ధసాధకుడు ఉండును. ఈ ఏర్పాటు యాదృచ్ఛికము కాదనుకొందుము. ఇద్దరు ఉన్నచోట సంభాషణ పుట్టును. సంభాషణ ఉన్నచోట స్వభావము బయటపడును. ఒకడు తొందరపడును, మరియొకడు ఆపును. ఒకడు నమ్మును, మరియొకడు అనుమానించును. పదునాలుగేండ్ల పిల్లవాని మనస్సులో ఈ ఇద్దరును ఒక్కమారే మాటలాడుచుందురు గనుక ఆ జంటను అతడు వెంటనే గుర్తించును. అంతకు మించి, ఆ వయస్సున ఇంటివారికంటె స్నేహితుడు దగ్గరివాడగును. తల్లిదండ్రులను దేవతలుగను గురువులను దైవముగను చూపిన కథలు మనకు చాల కలవు. స్నేహితుని మాట నిలుపుటే ధర్మముగ చూపిన కథలు ఆ పిల్లలకు ఇక్కడ దొరకినవి.

ప్రతినాయకులను సైతము సుబ్రహ్మణ్యముగారు నిర్లక్ష్యము చేయలేదు. రాకాసిలోయలోని బ్రహ్మదండి మాంత్రికుడు భయపెట్టును. ఆ వెంటనే నవ్వించును. దురాశ ఎంతటి మాంత్రికునైనను హాస్యాస్పదునిగ చేయునను సంగతి నీతివాక్యముగ చెప్పక, మనిషిని చూపి తెలియజేసినారు.

మరియొక సంగతి గమనింపదగినది. ఆ రోజులలో ఈ ధారావాహికలపై రచయిత పేరు ఉండెడిది కాదు. సంపాదకులుగ కుటుంబరావుగారి పేరును కానవచ్చెడిది కాదు. కావున చదువరులు ఫలానావారి రచన యని చదువలేదు. శిఖిముఖి ఏమైనాడో తెలిసికొనుటకు చదివినారు. రచయిత కీర్తి అను ఊతకోల లేకుండ, పాత్రలు తమ కాళ్లపై తాము నిలిచి నెలనెలకు పాఠకుని తిరిగి రప్పించినవి. నెల అనునది పిల్లలకు చిన్న గడువు కాదు. ఆ ముప్పది దినములు ఆపదలో చిక్కిన నాయకుని తలచుకొనుచు, అతడెట్లు తప్పించుకొనునో తామే ఊహించుకొనుచు, స్నేహితులతో వాదించుచు గడిపినారు. కథకుడు వ్రాసినది కొన్ని పుటలు. మిగిలిన కథను పిల్లలే అల్లుకొన్నారు. అర్ధశతాబ్దమునకు మించి ఆ పత్రికలో పనిచేసిన సుబ్రహ్మణ్యముగారు 2010లో మరణించినారు. అప్పటికిగాని చాలమంది పాఠకులు, తమ బాల్యమును తీర్చినవారు ఎవరో పేరుతో ఎరుగలేదు.

ఈ కథలకు మన విశాఖపట్టణమునకు గల పొందికను ఇచట చెప్పవలెను. 1933లో ఓడరేవు తెరువబడినది. 1941లో నౌకానిర్మాణకేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. 1948లో జలఉష యను నౌక ఇచటనే నీటిలోనికి దిగినది. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు పునాదిరాయి పడినది. ఈ పనులకొరకు చుట్టుప్రక్కల జిల్లాలనుండి ఊళ్లు విడచి వచ్చినవారిలో మీసకట్టు రాని యువకులు ఎందరో. అంతకు ముందు తరమువారు ఈ రేవునుండియే బర్మాకు, మన జనుల మాటలో రంగమునకు, ఓడయెక్కినారు. అద్భుతకథ ప్రతిదియు ఇల్లు విడచుటతో మొదలగును. దాటవలసిన నీరు, తెలియని భాష మాటలాడెడి జనులు, నమ్మదగినవాడెవడో తెలియని పరిస్థితి, ఇవి ఈ పట్టణమునకు వచ్చిన పిల్లవానికి కల్పనలు కావు. వానిని దాటుటకు కథలోని యువకునికి ఏమి పనికివచ్చినదో తనకును అదియే పనికివచ్చునని అతనికి తోచుట సహజము.

శిథిలాలయములకు సైతము ఇచట కొదువలేదు. అనకాపల్లి చేరువనున్న శంకరము గ్రామమున బొజ్జన్నకొండపై బౌద్ధులు తొలిచిన గుహలు కలవు. బావికొండ, తొట్లకొండలపై 1980వ దశాబ్దమున త్రవ్వకములు మొదలై బౌద్ధారామములు బయల్పడినవి. అంతవరకు ఆ కొండలు పశువులకాపరులు తిరిగెడి తుప్పలదిబ్బలు. కొండ క్రింద ఏమున్నదో అను కుతూహలము మన పిల్లలకు పుస్తకమున మొదలై ఊరి పొలిమేరలోనే ముగిసెడిది.

చందమామకు ముఖచిత్రములు వేసి ఆ లోకమునకు రంగులద్దిన వడ్డాది పాపయ్యగారు ఈ ప్రాంతపువారే. 1921లో శ్రీకాకుళమున పుట్టి, అనకాపల్లి కళాశాలలో చిత్రలేఖనము బోధించి, కశింకోటలో నివసించి, 1992లో కీర్తిశేషులైనారు. వ.పా. యను రెండక్షరములు చాలు, బొమ్మ ఎవరిదో తెలియుటకు. సన్మానములకును సభలకును దూరముగ, చిన్న ఊరిలో కూర్చుండి, గంధర్వులను రాకుమారులను చిత్రించినారు. సంపాదకులు కుటుంబరావుగారును విద్యార్థిదశలో విజయనగరము మహారాజా కళాశాలలో విజ్ఞానశాస్త్రము చదివినవారే. మదరాసున వెలువడిన పత్రికలో ఉత్తరాంధ్ర పాలు కొంత ఉన్నదని మనము సంతోషింపవచ్చును.

విదేశములలోను ఇట్టి కథ ఈ కాలముననే వికసించినది. తోకచుక్క మొదలైన 1954లోనే ఇంగ్లండున టోల్కీను ఉంగరముల కథ తొలి సంపుటము వెలువడినది. అందు లోకమును రక్షించు భారము మహావీరునిపై పడక, పొట్టివాడై, ఇల్లు కదలుటకు ఇష్టపడని ఒక సామాన్యునిపై పడును. 1968లో అమెరికాలో ఉర్సులా లెగ్విన్ అను రచయిత్రి, ఒక ప్రచురణకర్త కోరికపై యువపాఠకులకొరకు ఎర్త్‌సీ మాంత్రికుని కథను వ్రాసినది. గెడ్ అను పిల్లవాడు మంత్రవిద్య నేర్చుచు, గర్వముచేత తోటివానితో పందెము వేసి, ఒక చీకటినీడను లోకములోనికి విడచును. ఆ నీడ అతనిని తరుమును. చివరకు దానిని అతడు చంపడు. దానిని తన పేరుతోనే పిలిచి, అది తనలో భాగమని ఒప్పుకొనును. ఇంచుమించుగ ఆ కాలముననే మన పిల్లలు శిథిలాలయము చదువుచుండిరి. 1997లో మొదలైన హ్యారీ పోటర్ కథలో పదునొకండేండ్ల పిల్లవాడు ఒక్కొక్క సంపుటమునకు ఒక్కొక్క యేడు పెరుగును. అతనితోపాటు చదువరులును పెరిగినారు. ఒకరినొకరు ఎరుగని ఈ రచయితలు అద్భుతకు ఆధారము పాత్రయే యని వేరువేరుగ గ్రహించినారు.

ఇట్టి కథలపై మన పెద్దలకు ఒక ఆక్షేపణ ఎప్పుడును కలదు. మంత్రములు తంత్రములు నమ్మించి పిల్లలను మూఢులను చేయునని అందురు. ఆక్షేపణను తేలికగ త్రోసివేయరాదు. అయినను ఒక సంగతి ఆలోచింపవలెను. ఈ కథలను ఇరువదియేండ్లకు మించి తన పత్రికలో నడిపించిన కుటుంబరావుగారు విజ్ఞానశాస్త్ర పట్టభద్రులు, హేతుదృష్టిలో పేరుపొందిన రచయిత. మంత్రము పిల్లలను చెరచుననుకొన్నచో వారు దానికి చోటిచ్చియుండరు. కథలను తిరిగి పరిశీలించినచో కారణము తెలియును. మంత్రమును నమ్ముకొన్నవాడు వీనిలో ఓడిపోవును. బుద్ధిని, తోటివానిని నమ్ముకొన్నవాడు గెలుచును. నేపాళ మాంత్రికుడు, మంత్రగుప్తుని చేత చచ్చిన సిద్ధుడు, బ్రహ్మదండి, వీరందరును మంత్రవేత్తలే. వారికి ఎదురు నిలిచినవారి చేతిలో ఉన్నది తెగువ, తెలివి. శక్తి ఉన్నవానికి లొంగవలసిన పనిలేదని పిల్లలకు నేర్పు కథ మూఢవిశ్వాసమును పెంచినదనుట న్యాయము కాదు.

నిజమైన లోపములు వేరుగ ఉన్నవి. మొదటిది, మన యువనాయకులు కథారంభమున ఎంత ధీరులో కథాంతమునను అంత ధీరులే. వారు సముద్రములు దాటుదురు గాని తమ్ము తాము దాటుట తక్కువ. గెడ్ వలె తన తప్పునకు తానే జడిసి, దానిని దిద్దుకొన్న నాయకుడు మన ధారావాహికలలో అరుదు. రెండవది, బాలికల సంగతి. రాకుమారి అపహరింపబడును, నాయకుడు విడిపించును; ఆమె ఏమనుకొన్నదో మనకు తెలియదు. ఈ పత్రికలను అన్నదమ్ములతోపాటు అక్కచెల్లెండ్రును చదివినారు. వారు తమ్ము తాము ఎవరియందు చూచుకొనవలెను? అపహరింపబడిన రాకుమారియందా? నాలుగు శతాబ్దములకు ముందే కలభాషిణి వంటి సాహసికను సృష్టించిన సాహిత్యమున ఈ కొరత ఉండుట వింత.

2013 నాటికి చందమామ తెలుగు ముద్రణ ఆగిపోయినది. సుబ్రహ్మణ్యముగారి ధారావాహికలు తరువాత పుస్తకములుగ వెలువడినవి గాని, వానిని కొనువారిలో చాలమంది తమ బాల్యమును తలచుకొనెడి పెద్దవారే యని మా అనుమానము. నేటి విశాఖపట్టణమున పిల్లలు అద్భుతకథలు చదువుట మానలేదు, ఇంగ్లీషున చదువుచున్నారు. ఉక్కునగరమునను, రేవు పరిసరములలోను అనేక భాషలవారు కలిసి నివసించుచున్నారు. అట్టిచోట ఇంగ్లీషు కథ అందరికిని ఉమ్మడి సొత్తగుట సహజము. దానిని నిందింపవలసిన పనిలేదు. హ్యారీ పోటర్ స్నేహమును మెచ్చుకొనెడి పిల్లవాడు శిఖిముఖి స్నేహమును సైతము మెచ్చుకొనగలడు. కాని పిల్లవాడు తాను ఊహించుకొను వీరునికి ఎప్పుడును పరాయి పేరే, పరాయి ఊరే, పరాయి చలికాలమే ఉన్నచో, సాహసము అనునది ఎక్కడనో జరుగునది, తన వీథిలో జరుగనిది యని లోలోపల స్థిరపడును. తన భాషలో పలుకు వీరుడు లేనివానికి, క్రమముగ, తన భాషలో భయపడుటయు ధైర్యము చెప్పుకొనుటయు తప్పిపోవును. ఇది చిన్న నష్టము కాదు.

కావున మన రచయితలముందు ఒక పని ఉన్నది. పాత మాంత్రికులను మరల అచ్చువేయుట మంచిదే, అంతటితో తృప్తిపడరాదు. దండి గొంతుకల వైవిధ్యము, సూరన కలభాషిణి తెగువ, కాశీమజిలీల గొల్లపిల్లవాని ప్రశ్న, సుబ్రహ్మణ్యముగారి జంటల చెలిమి మన చేతనున్న పెట్టుబడి. దీనికి తోడు, తప్పుచేసి తెలిసికొని ఎదిగెడి నాయకుడును, విడిపించుకొనబడుటకు మారుగ విడిపించెడి నాయికయు కావలెను. రంగమునకు పోయిన తాత తిరిగిరాని ఇంట పుట్టిన పిల్లయో, కొండమీది సవరపల్లెనుండి రేవుకు దిగివచ్చిన కుఱ్ఱవాడో ఆ కథకు నాయకులు కావచ్చును. ఎట్టి మాంత్రికుడు ఎదురుపడవలెనో రచయిత నిర్ణయించుకొనవచ్చును. ఎదురుపడినవారు ఎవరో ముందుగ మనకు తెలియవలెను. వారి పేరు మన నోట తేలికగ పలుకవలెను. అట్టి కథ వచ్చిన నాడు, పదునాలుగేండ్ల పిల్లలున్న ఇంట అన్నమునకు రెండుమూడు మారులు పిలువవలసివచ్చినను తల్లులు విసుగుకొనరని మా నమ్మకము.